పాతాళ పుంతలో ఒక లాకు

(కోనసీమలో ఒక ఊరి గ్రంథాలయంలో, కథలు రాసే యువతీయువకుల కోసం చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. ఒకే మాట రెండుసార్లు వచ్చిన చోట ఒకసారే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్దలకు ఇంకోసారి నమస్కారం, ఎందుకంటే ఇవాళ నేను చెప్పబోయేదాంట్లో సగం మీలాంటివాళ్ల దగ్గర నేర్చుకున్నదే. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి చాప మీద కూర్చోండి. ఫ్యాన్ల చప్పుడుకి నా మాట అంత దూరం వినబడదు.

ఫాంటసీ కథలో ఊహాలోకం ఎలా కట్టాలో చెప్పమన్నారు. లోకం మొత్తం గురించి గంటలో చెప్పడం నా వల్ల కాదు. ఒక్క చోటు గురించి చెబుతాను. నాలుగేళ్లుగా నేను రాస్తున్న కథలో భూమి కింద ఒక దారి ఉంది. దాని పేరు పాతాళ పుంత. మన దగ్గర ఊరి వెనక బండ్లు పోయే దారిని పుంత అంటాం కదా, అదే మాట. ఆ దారిలో ఒక మజిలీ ఉంది. దాన్ని దివ్వెలాకు అని పిలుస్తారు. ఆ ఒక్క మజిలీని నేను రెండుసార్లు కూల్చి మూడోసారి కట్టాను. ఎందుకు కూల్చాల్సి వచ్చిందో చెబితే మీకు పనికొస్తుందని నా నమ్మకం.

మీ ఊళ్లో పాత గుడి ఉందా? ఉంటే దాని కింద సొరంగం కూడా ఉండే ఉంటుంది. నేను తిరిగిన ప్రతి ఊళ్లోనూ ఈ మాట విన్నాను. గర్భగుడి వెనకాల రాయి తీస్తే మెట్లుంటాయి, మెట్లు దిగితే దారి, ఆ దారి తిన్నగా రాజమండ్రి కోటకు పోతుంది. పూర్వం ఒకాయన దివిటీ పట్టుకుని దిగాడు, మళ్లీ రాలేదు. మా ఊరి గుడికీ ఈ కథ ఉంది. చిన్నప్పుడు ప్రదక్షిణ చేస్తున్నంతసేపూ నా కళ్లు ఆ రాయి మీదే ఉండేవి.

నాకు పదేళ్లప్పుడు మా దొడ్లో ఒరల బావి తవ్వించారు. ముందు నేల మీద ఒక ఒర, అంటే బావి గోడకి వేసే గుండ్రటి కట్టు, పెట్టారు. ఒకతను దాన్లో గొంతుక్కూర్చుని తన కాళ్ల కింద ఇసకనే తట్టకెత్తి పైకి అందిస్తున్నాడు. అతను తవ్వేకొద్దీ ఒర తన బరువుకి తనే కిందికి జారుతోంది. అది దిగాక దాని మీద ఇంకో ఒర. మనిషి నిలువు లోతుకి వెళ్లారో లేదో, అతని పాదాల చుట్టూ నీళ్లూరడం మొదలెట్టాయి. కాసేపటికి మోకాళ్ల దాకా వచ్చేశాయి. ఆ పూట మా తాతయ్యని అడిగాను: "ఇన్ని నీళ్లున్న నేలలో రాజమండ్రి దాకా సొరంగం ఎలా తవ్వారు తాతయ్యా?" ఆయన బావిలోకే చూస్తూ, "తవ్వలేదమ్మా. ఉంటే బావుండునని జనానికి ఉంది," అన్నాడు.

ఆ ఉంటే బావుండుననేదే నా కథకి విత్తనం. ఆ ఒర జారడమే దానికి మొదటి పాఠం. ఇసకలో గొయ్యి తవ్వితే పూడిపోతుంది. అందుకని ముందు గోడ కట్టి, ఆ గోడనే నేలలోకి దించాలి. రాజమండ్రిలో గోదావరి మీద 1900లో రైళ్లు నడవడం మొదలైన పాత వంతెన ఉంది చూశారూ, హేవ్‌లాక్ వంతెన, దాని స్తంభాలు కూడా ఇలా దించిన బావుల మీదే నిలబడ్డాయి. ఏటి అడుగుకి దిగడం మనవాళ్లకు ఎప్పట్నుంచో తెలిసిన విద్య. నా దివ్వెలాకులోకి పైనుంచి మనుషులు దిగే దారి అలాంటి బావే.

సరే, మొదటిసారి ఎలా కట్టానో చెబుతాను. రత్నాల తలుపులు. గోడల్లో వెలిగే నీలం రాళ్లు. వెయ్యి స్తంభాల మండపం. కాపలాకి అయిదొందల మంది సైనికులు. అచ్చయ్యాక ఒక సాయంత్రం ఫోనొచ్చింది. పెళ్లిళ్లకు వంటలు చేసే ఒక పెద్దావిడ. కూతురు చదివి వినిపిస్తే విందట. "కథ బావుందమ్మా. అయిదొందల మందన్నావు, మరి వంట ఎక్కడ చేత్తారమ్మా? పొగ ఎటు పోద్ది?" అని అడిగింది. ఆవిడ ఎగతాళికి అడగలేదు. అయిదొందల మందికి గాడిపొయ్యి తవ్వి వండిన మనిషి, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండోసారి చదువుకుని కట్టాను. టర్కీ దేశంలో డెరింకుయు అనే ఊరి కింద పాత నగరం ఉంది. సుమారు 85 మీటర్ల లోతు, అంతస్తుల మీద అంతస్తులు. పశువుల కొట్టాలు పై అంతస్తుల్లో, గాలికి నిలువు బావులు, శత్రువొస్తే లోపలి నుంచి దొర్లించి మూసే తిరగలి రాళ్లంటి గుండ్రటి తలుపులు. మన నంద్యాల దగ్గర బెలుం గుహలకు కూడా వెళ్లొచ్చాను. 3 కిలోమీటర్ల పైచిలుకు పొడవు, అన్నిటికంటే లోతైన పాతాళగంగ దగ్గర 46 మీటర్లు. లోపల చల్లగా ఉంటుందనుకుని వెళ్లాను. ఉక్కపోత. రవికె తడిసి ఒంటికి అతుక్కుపోయింది. గుహ అంటే చల్లదనం అని రాసే అలవాటు ఆ రోజుతో మానేశాను. ఇవన్నీ కలిపి రెండో మజిలీ కట్టాను. పొగకి దారి ఉంది, గాలికి దారి ఉంది, తలుపులు గట్టివి. అప్పుడు మా అక్క కొడుకు చదివి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "వాళ్లు అక్కడ ఎందుకు ఆగారు పిన్నీ?"

ఎందుకు ఆగారు? రాత్రయిందని. భూమి కింద రాత్రేమిటి? అలిసిపోయారని. అలిసిపోతే ఎక్కడైనా పడుకోవచ్చు. నేను కట్టిన గోడల్లో ఒక్కటి కూడా ఆ పిల్లాడికి జవాబు చెప్పలేదు. దారిలో వెళ్లేవాడు తలుపు పక్కనుంచి చూసుకుంటూ వెళ్లిపోవచ్చు. అది మజిలీ కాలేదు, దారి పక్కన ఒక పెద్ద ఇల్లు అయింది. ఇవాళ మీకు నేను ఇచ్చి వెళ్లదలుచుకున్నది ఈ ప్రశ్నే. మీ బాటసారి ఎందుకు ఆగక తప్పదు? దానికి జవాబు దొరికిన రోజున గోడలు ఎక్కడ లేవాలో అవే చెబుతాయి.

జవాబు కోసం నేను టర్కీ దాకా చదివాను గానీ, అది మా తాతయ్య దగ్గరే ఉంది. ఆయన మా ఊరి లాకు దగ్గర లస్కరు, అంటే లాకు తలుపులు తీసి మూసే మనిషి.

చాప మీద కూర్చున్న వాళ్లకి లాకు ఎలా పనిచేస్తుందో తెలియకపోవచ్చు. మీరు పుట్టేసరికే పడవలు పోయాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. ఆ కాలవలు చేలకు నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. కాకినాడలో ఎక్కిన బియ్యం ఏలూరు కాలవ పట్టుకుని, కృష్ణ దాటి, బకింగ్‌హాం కాలవలో మద్రాసు దాకా నీళ్ల మీదే పోయిన రోజులున్నాయి. అయితే నేల వాలుగా ఉంటుంది కదా, కాలవ మెట్లు మెట్లుగా దిగాలి. ఆ మెట్టు దగ్గర పడవ ఎలా దిగుతుంది? అక్కడ లాకు కడతారు. రెండు జతల తలుపులు, మధ్యలో గది. పైనుంచి వచ్చిన పడవని గదిలోకి రానిచ్చి వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపుల్లో చిన్న షట్టరు ఎత్తుతారు. గదిలో నీళ్లు తగ్గుతాయి, పడవ మెల్లగా దిగుతుంది. లోపలా బయటా నీళ్లు సమం అయ్యాక తలుపు తెరుచుకుంటుంది. అప్పటిదాకా ఏనుగుని తెచ్చి తోయించినా కదలదు. తలుపు రెక్కలు ఎగువ వైపుకి మొన చేసుకుని ఉంటాయి, నీళ్లే వాటిని అదిమి పట్టుకుంటాయి.

మా తాతయ్య అరచెయ్యి తలుపు చెక్కకి ఆనించి నిలబడేవాడు. షట్టర్లోంచి నీళ్లు పోతున్నంతసేపూ చెక్క సన్నగా వణుకుతూ ఉంటుంది. ఆయన నా చెయ్యి కూడా పట్టి అక్కడ పెట్టాడు. జ్వరం వచ్చిన పిల్లాడి వీపులాగా ఉంది. కాసేపటికి వణుకు ఆగిపోయింది. "అద్గదీ," అని దూలం మీద భుజం వేసి తోశాడు. అంతసేపు మొండికేసిన తలుపు, వెన్నలో కత్తిలాగా తెరుచుకుంది.

ఆ ఆగే కాసేపట్లోనే లోకం పుడుతుంది. పడవవాళ్లు గట్టెక్కి అన్నం వండుకుంటారు. బీడీలు కొనుక్కుంటారు. ఎగువన వాన పడిందా, దిగువన కొబ్బరి ధర ఎంత, ఎవరింట్లో పెళ్లి, అన్నీ అక్కడే చెప్పుకుంటారు. తాతయ్యకి మద్రాసు కబుర్లు తెలుసు, ఆయన ఎప్పుడూ మద్రాసు చూడలేదు. లాకు ఉంది కాబట్టి కొట్లు వచ్చాయి. ఎవరూ అక్కడ ఊరు కట్టాలనుకోలేదు.

ఇక అసలు సంగతి. డెల్టా కింద దారి ఎలా వస్తుంది? గుహలకు మామూలుగా సున్నపురాయి కావాలి, బెలుం అయినా బొర్రా అయినా సున్నపురాతిలోనే ఏర్పడ్డాయి. మనది ఒండ్రుమట్టి, ఇసక. కథే కదా, ఏదైనా రాసుకోవచ్చు అంటారేమో. నాకు అలా రాయబుద్ధి కాదు. ఈ నేల మీద పుట్టినదాన్ని, ఈ నేల చెప్పే కారణమే కావాలనిపించింది. వెతికితే దొరికింది.

పంగిడి కంకర మీకందరికీ తెలుసు, మన రోడ్ల కింద ఉన్నది అదే. ఆ నల్లరాయి ఒకప్పటి లావా. పంగిడి దగ్గర, ఏటి ఇవతల కాటేరు దగ్గర బయటికి కనబడుతుంది. సుమారు 6.5 కోట్ల ఏళ్ల కిందటిది. దక్కను పీఠభూమిని కప్పిన లావాలో భాగమేనని, పడమటి నుంచి వందల కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తలు రాశారు. అదే లావా పొర మన డెల్టా కింద చాలా లోతున ఉంది. గ్యాసు కోసం బోర్లు వేసినప్పుడు తగిలింది. దానికి వాళ్లు పెట్టిన పేరేమిటో తెలుసా? రాజోలు ఫార్మేషన్. మన రాజోలే! అది చదివిన రోజు నేను కుర్చీలోంచి లేచి ఇల్లంతా తిరిగాను.

లావా పారేటప్పుడు పైపొర ముందు గడ్డకడుతుంది, పాల మీద మీగడ కట్టినట్టు. లోపల మాత్రం పారుతూనే ఉంటుంది. పారేది అయిపోయాక లోపల బోలుగా గొట్టం మిగులుతుంది. ప్రపంచంలో చాలా చోట్ల అలాంటి లావా గొట్టాలున్నాయి, మనుషులు నడిచి వెళ్లేంతవి. నా పాతాళ పుంత అలాంటి గొట్టం. మన కింద నిజంగా అలాంటిది ఉందని నేను చెప్పడం లేదు. ఉంటే అలా ఉంటుంది అంటున్నాను. కథకి అంత చాలు.

ఇప్పుడు దివ్వెలాకు. ఆ గొట్టం ఒకచోట కిందికి వంగి మళ్లీ పైకి లేస్తుంది. వంపులో నీళ్లు నిలిచాయి. నడిచేవాడికి అక్కడ దారి ఆఖరు, పడవ ఎక్కాల్సిందే. ఎగువ పక్క గోదావరి ఊట, తియ్యటి నీళ్లు. దిగువ పక్క సముద్రం పోటుకి ఎక్కే ఉప్పునీళ్లు. రెండిటి మధ్య ఒక లాకు. ఆ తలుపులు కాపాడేది ధనాన్ని కాదు, రాజుగారి రహస్యాన్నీ కాదు, ఎగువ దారి పొడుగునా ఉన్నవాళ్ల తాగునీటిని. పోటు సమయంలో తలుపు తెరిస్తే ఉప్పునీరు ఎగదన్నుతుంది. ఒకసారి ఎగదన్నితే ఎన్నాళ్లకి తీపి తిరిగి వస్తుందో కోనసీమవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బావి ఉప్పెక్కిన ఇంట్లో కాపురం చేసినవాళ్లు ఈ గదిలోనే ఉండి ఉంటారు. అందుకని ఎంతటివాడైనా అక్కడ ఆగాలి. రాజు వచ్చినా, దొంగ వచ్చినా, కన్నతల్లిని చూడ్డానికి పరిగెత్తే కొడుకు వచ్చినా, నీళ్లు సమం అయ్యేదాకా ఆగాలి.

ఈ ఒక్క కారణం దొరికాక నాకు ఇంక టెన్షన్ లేదు. గది ఎంత పెద్దదో పడవ చెప్పింది. మనుషులెంతమందో తలుపు బరువు చెప్పింది. అయిదొందల మంది సైనికులు పోయి, ఎనిమిది మంది లస్కర్లు మిగిలారు. వాళ్లకి జీతం ఎవరిస్తారు? పడవకింత అని ఆశీలు. ఏటా కొన్ని రోజులు దారి మూసేస్తారు, మనకి వేసవిలో కాలవలు కట్టేసినట్టే, తలుపుల మరమ్మతుకి. తెలియక ఆ రోజుల్లో వచ్చిన బాటసారి అక్కడే చిక్కుకుపోతాడు. నా కథలో మూడు అధ్యాయాలు ఆ చిక్కుకుపోయిన రోజుల్లోనే జరుగుతాయి.

వరదకి కూడా గుర్తులు పెట్టాను. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు రేడియోలో వింటూ పెరిగాం మనం. రెండో హెచ్చరిక అనగానే లంకల్లో వాళ్లు పశువుల్ని గట్టెక్కిస్తారు, మూడోది అంటే మా అమ్మ బియ్యం డబ్బా అటక మీద పెట్టేది. దివ్వెలాకు గోడ మీద కూడా మూడు గీతలున్నాయి. అంకెలు లేవు, ఒక్కో గీతకి ఒక్కో పని ఉంది. మొదటి గీతకి దిగువ పడవలు ఆపెయ్యాలి. రెండో గీతకి దీపాలు పై అరలోకి ఎక్కించాలి. మూడో గీతకి ఏం చెయ్యాలో ఎక్కడా రాసిపెట్టలేదు, లస్కర్లు ఒకరికొకరు చెవిలో చెప్పుకుంటారు. అదేమిటో కథలోనే చదవండి.

గాలి సంగతి కొంచెం ఎక్కువసేపు చెప్పాలి, ఎందుకంటే దీని మీద నాకు భయం ఉంది. మెట్ట ఊళ్లలో ధాన్యం పాతర వేసేవాళ్లు. పాతర తీసిన రోజున వెంటనే దిగరు. మూత తీసి వదిలేసి, తర్వాత వెలుగుతున్న దీపాన్ని తాడుకి కట్టి దించుతారు. దీపం ఆరితే మనిషి దిగకూడదు. పాడుబడ్డ బావికీ అంతే. ఆ చెడుగాలి మామూలు గాలి కంటే బరువు, అడుగున పేరుకుని కూర్చుంటుంది. చూడ్డానికి ఏమీ ఉండదు, వాసనా ఉండదు. ఒకడు దిగి పడిపోతే, వాణ్ని తీద్దామని దిగిన రెండోవాడూ పోతాడు.

ఇంకో గాలి ఉంది. అది తేలిక, కప్పుకి పట్టుకుని ఉంటుంది, దీపం కనబడితే అంటుకుంటుంది. 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాసు బావి పేలి రెండు నెలల పైన మండింది. అప్పటికి నేను హైస్కూల్లో ఉన్నాను. రాత్రి మా డాబా ఎక్కితే ఆ దిక్కున ఆకాశం ఎర్రగా ఉండేది. మన కాళ్ల కింద ఏముందో మనకి ఆ రెండు నెలల్లో తెలిసింది. అందుకని దివ్వెలాకులో దీపాలన్నిటికీ సన్నని ఇత్తడి జాలీ చుట్టి ఉంటుంది. 1815లో హంఫ్రీ డేవీ బొగ్గుగనుల కోసం చేసిన దీపం కిటుకే అది. మంట వేడిని జాలీ లాగేసుకుంటుంది, నిప్పు బయటి గాలికి అంటుకోదు. గాలిలో ఆ వాయువు చేరితే మంట చుట్టూ నీలం టోపీలాగా కనబడుతుంది. నా లస్కర్లు రోజుకి నాలుగుసార్లు ఒక దీపాన్ని నేల దగ్గరా ఇంకొకదాన్ని కప్పు దగ్గరా పెట్టి చూస్తారు. దివ్వెలాకు అనే పేరు ఆ దీపాల వల్ల వచ్చిందే.

పొగ ఎటు పోద్ది అని అడిగిన ఆవిడకి కూడా దీపమే జవాబు చెప్పింది. కొండలో ఒక నోరు ఎత్తున, ఒక నోరు పల్లంలో ఉన్న గుహ ఉంటే, అది ఊపిరి తీస్తుంది. ఎండాకాలంలో లోపలి గాలి బయటికంటే చల్లన, బరువు. అది జారి కింది నోటి నుంచి బయటికి వస్తుంది. చలికాలం రాత్రి లోపలి గాలే వెచ్చన, అది పైనోటి నుంచి లేచిపోతుంది. అంటే ఏడాదిలో గాలి రెండుసార్లు దిక్కు మార్చుకుంటుంది. దివ్వెలాకులో పుట్టి పెరిగిన ఒక ముసలమ్మ ఉంది, ఎండ మొహం ఎరగదు. ఆవిడ వంటింటి గూట్లో దీపం వంక చూసి, మంట ఇటు వంగింది, పైన మావిళ్లు పండుతున్నాయి అంటుంది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఏడు నెలలు పట్టింది. పొయ్యి ఎక్కడ ఉండాలో కూడా ఆ మంటే చెప్పింది. ఎండాకాలానికి ఒక వంటిల్లు, చలికాలానికి ఒకటి.

కాలం ఎలా తెలుస్తుంది? 1962లో మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్ప్స్ కొండల్లో ఒక గుహలో గడియారం లేకుండా రెండు నెలలు ఒంటరిగా ఉన్నాడు. బయటివాళ్లు వచ్చి పిలిచిన రోజు సెప్టెంబరు 14. ఆయన లెక్క ప్రకారం ఆగస్టు 20. ఇరవై అయిదు రోజులు చీకట్లో కరిగిపోయాయి. ఇది చదవగానే నాకు కిష్కింధకాండ గుర్తొచ్చింది. సీతమ్మను వెతుకుతూ దాహంతో అలమటించిన వానరులు ఒక బిలం లోంచి పక్షులు రావడం చూస్తారు. వాటి రెక్కలు తడిగా ఉన్నాయి. రెక్కలు తడిగా ఉన్నాయంటే లోపల నీళ్లున్నట్టే అని హనుమంతుడు గ్రహిస్తాడు. లోపల స్వయంప్రభ అనే తాపసి వాళ్లకి పళ్లు పెట్టి ఆదరిస్తుంది. బయటికి వచ్చి చూసుకుంటే సుగ్రీవుడు పెట్టిన నెల గడువు దాటిపోయింది. భూమి కింద మజిలీ గురించి నాకు తెలిసిన కథల్లో ఇంత గొప్పది లేదు. వెళ్లడానికి కారణం దాహం, గుర్తు తడిరెక్క, చెల్లించిన ధర కాలం.

నా లస్కర్లు కాలం పోగొట్టుకోరు, వాళ్ల దగ్గర గడియ గిన్నె ఉంది. అడుగున సన్నని చిల్లున్న రాగి గిన్నె నీళ్ల మీద వదిలితే, నిండి మునగడానికి 24 నిమిషాలు, అంటే ఒక గడియ. రోజుకి 60 గడియలు. గడియారం అనే మాటలో ఉన్నది ఆ గడియే. గిన్నె మునిగినప్పుడల్లా ఒకరు లేచి తియ్యాలి, మళ్లీ వదలాలి, గంట కొట్టాలి. అంటే దివ్వెలాకులో ఎప్పుడూ ఒకరు మెలకువగా ఉండి తీరాలి. మెలకువ తప్పిన రాత్రి గురించి ఒక పూర్తి కథ రాశాను.

రాక్షసుల గురించి అడుగుతారని తెలుసు. ఉన్నారు. వాళ్లు కూడా తలుపు దగ్గర ఆగాల్సిందే. అంతకంటే చెప్పడానికేం లేదు.

అన్నం గురించి చెప్పకుండా కోనసీమలో మజిలీ మాట ఎత్తకూడదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు, 1841లో పుట్టి 1909 దాకా బతికిన మహాతల్లి, ఏరు దాటి వచ్చిన ప్రతివాడికీ వేళ కాని వేళ కూడా అన్నం పెట్టారు. ఏటి మీదుగా కాలవని దాటించే పి.గన్నవరం అక్విడక్టుకి ఇవాళ ఆవిడ పేరే. ఆవిడ ఇల్లు ఎక్కడుందో గమనించండి. ఏరు దాటే చోట. బాటసారి ఆగక తప్పని చోట. తలుపు తీసే వేళని నీళ్లు నిర్ణయిస్తాయి, కానీ ఆ ఆగిన మనిషికి ఆకు వెయ్యాలా వద్దా అన్నది మనుషులే నిర్ణయించుకోవాలి. దివ్వెలాకులో ఆశీలు కట్టలేనివాడికి కూడా విస్తరి వేస్తారు. ఏం పెడతారంటే, పడవల మీద పైనుంచి వచ్చిన బియ్యం, మాగాయ, ఎండుచేపలు. అక్కడ పండేది ఒక్కటే, వరిగడ్డి మీద పుట్టగొడుగులు. గడ్డి కూడా పైనుంచి రావాల్సిందే. అందుకని కుప్పనూర్పుల తర్వాత వచ్చే మొదటి గడ్డి పడవని వాళ్లు హారతిచ్చి దించుకుంటారు.

చివరగా ఒక్క మాట చెప్పి ఆపేస్తాను, టీ చల్లారిపోతోందని సైగ చేస్తున్నారు. మూడోసారి కట్టిన మజిలీ అచ్చయ్యాక, ఆ వంటలావిడకి నేనే ఫోన్ చేశాను. కూతురు చదివి వినిపించిందట. గాలి దిక్కుని బట్టి రెండు వంటిళ్లు అన్నది ఆవిడకి బాగా నచ్చింది. "మా వాడలో వంటిళ్లు కట్టినోళ్లకి కూడా ఈ బుద్ధి లేదమ్మా," అంది. తర్వాత కాసేపు మాట్లాడలేదు. "మరి అంత చెమ్మలో కట్టెలెలా మండుతాయమ్మా?" అంది.

కొబ్బరి చిప్పల బొగ్గు అన్నాను. చెమ్మకి కట్టెల్లాగా నానిపోదు, పొగ రాదు, మన దగ్గర కొదవ లేదు. ఆవిడ ఒప్పుకుంది. ఫోన్ పెట్టేశాక నాకే గుబులు పుట్టింది. మూసి ఉన్న చోట బొగ్గు రాజేస్తే ఒక విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, మనిషి పడిపోయేంత చేరినా దీపం మామూలుగానే వెలుగుతూ ఉంటుంది. నా లస్కర్లు నమ్ముకున్నది దీపాన్ని కదా. దీపం చెప్పని ప్రమాదం ఒకటి ఉందని వాళ్లకి మొట్టమొదట తెలిసేది ఎవరికి, ఎలా? ఇప్పుడు రాస్తున్న అధ్యాయం అదే. ఆ చలికాలపు వంటింట్లో పొయ్యి ముందు కూర్చున్నది ఆ ముసలమ్మే. తలనొప్పిగా ఉందంటోంది. అక్కడిదాకా వచ్చాను.